మెత్తని పట్టు

గురువారం పొద్దుటి బ్యాచ్ అయిపోయి అందరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. నరహరి ఒక్కడే చాపలు తుడుస్తున్నాడు. కింది షెడ్డులో బట్ట నేసే సాంచెలు నడుస్తుంటే పై అంతస్తు నేలంతా సన్నగా అదురుతూ ఉంటుంది. ఆ చప్పుడులో ఫోన్ మోగడం అతనికి కాసేపు వినపడనే లేదు.

కోమలి. క్లాసుకు రాకపోతే ముందు రోజే చెప్పే మనిషి. ఈ రోజు రానూ లేదు, చెప్పనూ లేదు.

"సార్, మా అన్న లేస్తలేడు."

"ఏమైందే?"

"రాత్రి డ్యూటీ దిగి అచ్చి అమ్మను కొట్టవట్టిండు సార్. గోడకేసి గుద్దుతుండు. నేను ఎన్కనుంచి పట్టిన. మీరు నేర్పిన మెడపట్టే. మెత్తగైంగనే ఇడిశిన సార్, ఒట్టు, ఇడిశిన. కండ్లు తెరిశిండు. 'కరెంట్ పోయిందా' అన్నడు. కక్కుకున్నడు. మల్ల పడిపోయిండు. గిప్పుడు లేస్తలేడు. అంబులెన్స్‌ల ఉన్నం."

"ఊపిరి తీస్తుండా?"

"తీస్తుండు. గట్టిగ తీస్తుండు."

ఏ దవాఖానకు తీసుకెళ్తున్నారో అడిగి తెలుసుకున్నాడు. తలుపుకు తాళం వేశాడో లేదో కూడా చూసుకోకుండా రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కాడు.

కోమలిది లింబాయత్ బస్తీ. చీరలకు లేసు కుట్టే కార్ఖానాలో పని. ఇరవై రెండేళ్ళుంటాయి. షేర్ ఆటోల్లో పక్కన కూర్చునే మగవాళ్ళ మోచేతుల బాధ పడలేక నరహరి దగ్గరికి వచ్చింది. మొదటి నెలంతా ఎవరైనా తాకితే బిగుసుకుపోయేది. తర్వాత్తర్వాత తనకన్నా రెండింతలున్న వాళ్ళను కూడా చాప మీద పడుకోబెట్టడం నేర్చింది. ఆమెకు ఆ మెడపట్టు నేర్పింది నరహరే. వెనకనుంచి మోచెయ్యి గడ్డం కిందికి దూర్చి, రెండో చేత్తో తల వెనక తాళం వేసినట్టు బిగిస్తే, గొంతు నలగదు. మెడకు రెండు పక్కలా రక్తం ఆగుతుంది. ఎంత బలవంతుడైనా నిద్రపోయినట్టు వాలిపోతాడు. వదిలేస్తే కాసేపట్లో లేస్తాడు. వదలకపోతే లేవడు.

ఆటోలో అతని మనసంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. వదిలిందా? ఒట్టేసి మరీ చెప్పింది. ఒట్టు ఎందుకు వేసినట్టు? కళ్ళ ముందు తల్లి తల గోడకు తగులుతుంటే, ఏళ్ళ తరబడి చూసిన దెబ్బలన్నీ ఆ చేతిలోకి వచ్చి ఉంటే, మెత్తబడిన మెడను ఆ పిల్ల వెంటనే వదిలిందా? తానైతే వదిలేవాడా?

*

దవాఖాన వరండాలో కోమలి తల్లి పోశమ్మ కింద కూర్చుని ఉంది. పై పెదవి ఉబ్బి ఉంది, కొంగుకు రక్తపు మరక. నరహరిని చూడగానే గోడ పట్టుకుని లేచింది.

"అచ్చినవా? సూడు, లోపటికి పోయి సూడు నువ్వు నేర్పిన ఇద్దె. ఆడివిల్లకు మెడలు పిస్కుడు నేర్పుతరా ఎక్కడన్న? కొడితె కొట్టిండు, నా కొడుకు. నేను పడుతుంటి. ఎవరు నడుమ అడ్డం రమ్మన్నరు?"

"అక్కా..."

"అక్క గిక్క అనకు."

అవతల బెంచీ మీద కోమలి, ఆమె పక్కనే ఒక కానిస్టేబుల్ ఉన్నారు. కోమలి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అవి తనవి కానట్టు చూస్తోంది. ఇలాంటి కేసు వస్తే దవాఖాన వాళ్ళే పోలీసు చౌకీకి కబురు చేస్తారు. కానిస్టేబుల్ వయసు మళ్ళిన గుజరాతీ మనిషి. మర్యాదగానే మాట్లాడుతున్నాడు. ఆ మర్యాద నరహరికి మరింత భయం పుట్టించింది.

"మాస్టర్ నువ్వేనా? కరాటేనా నేర్పేది?" అని హిందీలో అడిగాడు.

"కాదు సాబ్. జుజుత్సు."

"అదేం విద్య? ఎక్కడిది?"

ఆ ప్రశ్నకు నరహరి కొన్ని వందల సార్లు జవాబు చెప్పి ఉంటాడు. కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజు అదే పాఠం. ఇప్పుడూ అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు. జపాన్‌లో పాతకాలపు యోధులది. యుద్ధంలో చేతిలోని కత్తి పోతే, ఎదుటివాడు ఇనుప కవచం తొడుక్కుని ఉంటే, పిడికిలితో గుద్దినా లాభం లేదు. అందుకే పట్టడం, పడదోయడం, కీళ్ళు మెలిపెట్టడం. 'జు' అంటే మెత్తదనం. తోసేవాడి బలాన్ని ఎదిరించకుండా, వాడి బలంతోనే వాణ్ణి పడగొట్టడం. కత్తుల కాలం పోయాక ఒక బడిపంతులు అందులోంచి ప్రాణం తీసేవన్నీ తీసేసి, పిల్లలు ఆడుకోదగ్గ జూడోగా మార్చాడు. ఆయన దగ్గర నేర్చినవాడొకడు ఓడలెక్కి దేశాలు తిరిగి బ్రెజిల్ చేరాడు. అక్కడి వాళ్ళు వెల్లకిలా పడి ఉన్నవాడు కూడా గెలిచే దారి కనిపెట్టారు...

"ప్రాణం తీసేవన్నీ తీసేశాడన్నావు," అన్నాడు కానిస్టేబుల్. "మరి ఈ మెడపట్టు?"

పోశమ్మ హిందీ అర్థమైనట్టు తలెత్తి చూసింది.

"అది ఉంది సాబ్," అన్నాడు చివరికి. "కానీ ఎప్పుడు వదలాలో నేర్పాకే నేను పట్టు నేర్పుతాను."

కానిస్టేబుల్ అది రాసుకున్నాడో లేదో తెలియలేదు.

*

లోపల కోమలి అన్న గణపతికి స్కాన్ తీస్తున్నారన్నారు. నరహరి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

అతని తండ్రి రాజమౌళి సిరిసిల్ల నుంచి వచ్చి లింబాయత్‌లో సాంచెలు నడిపి, ముసలితనానికి ముందే చెవుడు తెచ్చుకున్నాడు. పదో తరగతి తప్పిన నరహరిని కూడా ఆ పనిలోనే పెట్టాడు. డ్యూటీ దిగి ఇంటికి వచ్చే దారిలో మునిసిపాలిటీ హాలు కిటికీలోంచి జూడో చూశాడు నరహరి. ఒక బక్కపిల్ల ఒక లావుపాటి వాణ్ణి భుజం మీదుగా విసిరేస్తోంది. ఆ రోజు అతను ఇంటికి ఆలస్యంగా వెళ్ళాడు, దెబ్బలు తిన్నాడు, మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. రాష్ట్రం తరఫున పతకాలు తెచ్చాడు. జాతీయ పోటీల్లో భుజం జారిపోయింది. ఇక జూడో ముగిసినట్టేనన్నారు. వజ్రాల బజారులో కాపలా ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా ముంబై రైలెక్కి, బ్రెజిల్ నుంచి వచ్చిన ఒక గురువు దగ్గర అంతా మొదటి నుంచి నేర్చాడు. జారిన భుజంతో పైనుంచి గెలవలేనివాడు కింద పడి గెలవడం నేర్చాడు. నల్లబెల్టు కట్టుకునే నాటికి నలభై దాటాయి. ముంబైలోనే ఉండిపొమ్మని గురువు అడిగాడు. లింబాయత్, గోడాదరా పిల్లలకు ఎవరు నేర్పుతారని వచ్చేశాడు.

మొదట్లో అతను క్లాసులో ఇంకో మాట చెప్పేవాడు. ఈ విద్య పుట్టింది మన దేశంలోనే, బౌద్ధ భిక్షువులు దాన్ని తూర్పుకు తీసుకుపోయారని. పిల్లలు ఛాతీ విరుచుకుని వినేవాళ్ళు. దానికి రుజువేమీ లేదని గురువు ఒకసారి మెల్లగా చెప్పాడు. ఆ తర్వాత నరహరి ఆ కథ మానేశాడు. తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదనుకున్నాడు. కానీ మెత్తగా అయిన వెంటనే వదిలేస్తే ఏమీ కాదు అని మాత్రం ప్రతిసారీ చెబుతూనే వచ్చాడు. అది తనకు నిజంగా తెలుసా? చాప మీద ఇన్నేళ్ళలో ఎందరో నిద్రలోకి జారారు, నవ్వుతూ లేచారు. అంత మాత్రాన అందరూ లేస్తారనేనా?

కోమలి పక్కకు వెళ్ళి కూర్చున్నాడు.

"నిజం చెప్పు బిడ్డా. ఎంతసేపు పట్టినవ్?"

ఆమె అతని వైపు తిరిగి చూసిన చూపులో కోపం లేదు. అది అతనికి ఎక్కువ నొప్పిగా తోచింది.

"మీరు గూడ గదే అడుగుతున్నరా సార్," అంది.

*

డ్యూటీ డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసే, కళ్ళ కింద రాత్రంతా మేలుకున్న నలుపు. పట్టిన పిల్ల ఎవరని అడిగింది. కోమలి లేచి నిలబడింది, ఆమె వెనకే నరహరి.

"మెడలోని రక్తనాళం చిరిగితే మెదడుకు దెబ్బ తగులుతుంది. మొదట దానికోసమే చూస్తున్నాను," అంది ఆమె హిందీలో. "స్కాన్ రిపోర్టు ఇంకా రాలేదు. కానీ అతని ఊపిరి తీరు నాకు నచ్చడం లేదు. పరుగెత్తిన వాడిలా తీస్తున్నాడు. పట్టు వదిలాక లేచాడా, అసలు లేవనే లేదా?"

నరహరి ఒక్క ఉదుటున అందుకున్నాడు. "లేచాడు మేడమ్. కళ్ళు తెరిచాడు, మాట్లాడాడు. కరెంట్ పోయిందా అని కూడా అడిగాడు." లేచాడన్నది ఎలాగైనా ఆమెకు నమ్మకం కలగాలని, అందుకే ఆ మాట చెప్పాడు.

డాక్టరమ్మ కాగితం మీద పెన్ను ఆపింది.

"కరెంట్ పోయిందా?"

"పోలేదు," అంది కోమలి. "పొద్దుగాల్నే. తలుపు తీసే ఉన్నది. ఎండ ఇంట్లకు వస్తుంది."

"అతను తాగుతాడా?"

"తాగడు," అంది పోశమ్మ వెనకనుంచి, కోమలి నోరు తెరవకముందే. "దేవుని మీద ఒట్టు. నా కొడుకు ముట్టడు."

డాక్టరమ్మ నరహరిని పక్కకు పిలిచింది. "కల్తీ సారా కళ్ళను ముందు దెబ్బతీస్తుంది. అదే అయితే ఒక్కో గంటా ఖరీదే. మందు మొదలుపెట్టాలి, యంత్రంతో రక్తం కడగాలి. పై డాక్టర్లను ఒప్పించడానికి నాకు ఏదైనా ఆధారం కావాలి. రక్త పరీక్ష బయటికి పంపాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేను. నేను పోలీసును కాదు. ఏం తాగాడు, ఎవరితో తాగాడు, అది కనుక్కోండి."

నరహరి గుండె ఒక్కసారి తేలికైంది. సారా. పట్టు కాదు, సారా. ఆ తేలికను తానే గమనించి సిగ్గుపడ్డాడు. లోపల మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు.

పోశమ్మ ముందు గొంతుకూర్చున్నాడు.

"అక్కా, చెప్పు. తాగిండా?"

"ఎందుకు తాగిండంటవ్? తాగిండంటే నీ తప్పు పోతది, గంతేగా? ఈ గుజరాతీల రాజ్యంల మందు తాగితె జైలు. బతికినా జైలుకు పంపుతవ్ నా కొడుకును. నువ్వు పోయి నీ చాపలు పర్సుకుంటవ్."

ఆమె అన్నదాంట్లో సగం నిజం.

"అవునక్కా. నా తప్పు పోవాలనే ఉన్నది నాకు," అన్నాడు. "గని తాగిండో లేదో చెప్పకుంటె పోరడు పోతడు. తప్పు నాదని నువ్వు రేపు పోలీసోళ్లకు చెప్పు, నేను కాదన. ఇయాల మాత్రం నిజం చెప్పు."

పోశమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. మాట్లాడింది కోమలి.

"ఉమాకాంత్‌తోని తాగుతడు సార్. ఒక్క షిఫ్ట్ల జేస్తరు. మా ఎన్క గల్లీల ఉంటడు."

"నోర్ముయ్యే!" అని పోశమ్మ కూతురి మీదికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ పిల్ల తప్పుకోలేదు, పట్టుకోలేదు, ఊరికే చూస్తూ నిలబడింది. పోశమ్మ చెయ్యి దించి మొహానికి కొంగు కప్పుకుంది.

*

లింబాయత్ సందుల్లోకి ఆటో పోదు. నరహరి సగం నడిచి, సగం పరుగెత్తాడు. సాంచెల షెడ్ల పక్కగా, నీళ్ళ డ్రమ్ముల మధ్య నుంచి, తలకు తగిలే తడిబట్టలు తప్పించుకుంటూ పోయాడు. ఉమాకాంత్ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే, అతను గోడవైపు తిరిగి కూర్చుని చేతులతో నేలంతా తడుముతున్నాడు.

"ఎవరు?"

"నరహరిని. ఏం వెతుకుతున్నవ్?"

"చెప్పులు."

చెప్పులు అతని మోకాలి పక్కనే ఉన్నాయి.

"ఉమాకాంత్, ఇటు చూడు. నా మొహం కనపడుతుందా?"

"కనపడుతుంది," అన్నాడు ఉమాకాంత్ అతని భుజం అవతలికి చూస్తూ. తర్వాత కళ్ళు నులుముకున్నాడు. "అంత తెల్లగున్నదన్నా. పొగమంచు లెక్క. నిద్ర చాలలేదనుకున్న. కడుపుల మంట."

"గణపతి దవాఖానల ఉన్నడు. లేస్తలేడు. పద."

"నేను రాను. లోపటేస్తరు."

"లోపటేస్తె నేనొచ్చి ఇడిపిస్త. పద."

అతను మంచం కోడు పట్టుకుని కదలనన్నాడు. తనకు వచ్చిన పట్టుల్లో ఏ ఒక్కటీ నరహరికి అక్కరకు రాలేదు. బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. ఆఖరికి ఉమాకాంతే మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చి, "మా షిఫ్ట్ రాములు మాకన్న ఎక్కువ తాగిండన్నా. వాడు వడోద్‌ల ఒక్కడే ఉంటడు. ఫోన్ ఎత్తుతలేడు," అన్నాడు.

నరహరి అతన్ని వీపున వేసుకున్నాడు. పాత భుజం భగ్గుమంది. సందు చివరికి వచ్చేసరికి కళ్ళకు చీకట్లు కమ్మాయి. ఆటోలో కూర్చున్నాక కోమలికి ఫోన్ చేసి, కానిస్టేబుల్‌కు ఇవ్వమన్నాడు. రాములు అడ్రసు ఉమాకాంత్ చెబుతుంటే అతను హిందీలో చెప్పాడు. కానిస్టేబుల్ ఒక్క మాట కూడా ఎదురడగలేదు. "పంపుతున్నాను," అని పెట్టేశాడు.

దవాఖానలో డాక్టరమ్మ టార్చి వేసి ఉమాకాంత్ కళ్ళలోకి చూసింది. అంతే. లోపలికి పరుగెత్తింది. ఆ తర్వాత తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం, స్ట్రెచర్ల చక్రాల చప్పుడు. మధ్యలో ఎవరో వచ్చి గణపతి మెడ స్కాన్ బాగానే ఉందని, రక్తనాళాలకేమీ కాలేదని చెప్పి వెళ్ళారు. కోమలి ఆ మాట విని తల మోకాళ్ళ మీద వాల్చింది. ఏడుస్తోందో లేదో నరహరికి తెలియలేదు. ఆమె వీపు మీద చెయ్యి వేయబోయి ఆగాడు. అంతకుముందు తాను అడిగిన ప్రశ్న ఇంకా ఇద్దరి మధ్యా కూర్చునే ఉంది.

సాయంత్రం కానిస్టేబుల్ వచ్చి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వడోద్‌లో తలుపు పగలగొట్టాల్సి వచ్చిందట. రాములు ప్రాణం పోయి కొంచెం సేపే అయి ఉంటుందట.

కొంచెం సేపు. నరహరి ఆ మాటను కొలవడం మొదలుపెట్టాడు. కోమలి ఫోన్‌లో 'కరెంట్ పోయిందా' అన్నడని చెప్పినప్పుడే తాను ఆ మాటను పట్టుకుని ఉంటే. స్తంభానికి ఆనుకుని తన విద్య గురించీ, తన తప్పు గురించీ ఆలోచిస్తూ నిలబడకుండా లోపలికి వెళ్ళి ఆ ఒక్క మాట చెప్పి ఉంటే. డాక్టరమ్మకు ఆ ముక్క చెప్పిందీ తన చేతికి అంటిన మట్టి కడుక్కోవడానికే కదా.

*

గణపతి బతికాడు. ఉమాకాంత్‌కు చూపు చాలావరకు తిరిగొచ్చింది. గణపతికి రాలేదు. వెలుగూ నీడా తెలుస్తాయి, మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. సాంచెల మీదికి ఇక పోలేడు. సారా అమ్మినవాణ్ణి పట్టుకున్నారు. కోమలి మీద కేసు పెట్టలేదు. అయినా ఊళ్ళో మాట ఆగలేదు. లింబాయత్ పిల్ల ఒకతి మెడ పిసికి అన్న కళ్ళు పోగొట్టిందని కొందరు ఇప్పటికీ అంటారు. పొద్దుటి బ్యాచ్‌లో సగం మంది ఆడపిల్లల్ని తల్లిదండ్రులు మాన్పించేశారు. నరహరి ఇంటింటికీ వెళ్ళి చెప్పలేదు. చెప్పడానికి ఏం మాటలు వాడాలో అతనికే తెలియలేదు. మిగిలిన వాళ్ళకు మెడపట్టు చూపించే రోజు వస్తే వేరే ఏదో పాఠం ఎత్తుకుంటున్నాడు.

గణపతిని ఇంటికి పంపే ముందు రోజు నరహరి వార్డుకు వెళ్ళాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కోమలి అన్న మోచెయ్యి పట్టుకుని మంచాల మధ్య నుంచి నడిపిస్తోంది. "కుడి దిక్కుకు. బకెట్ ఉన్నది, జర పైలం," అంటోంది. గణపతి పాదం ముందు పెట్టి, తడిమి, అప్పుడు బరువు వేస్తున్నాడు. కిటికీ దాకా వచ్చి ఎండకు మొహం పెట్టి నిలబడ్డాడు.

"ఎవరో అచ్చిండ్రు," అన్నాడు.

"మా సార్."

గణపతి మొహం అలికిడి వైపు తిరిగింది. నరహరి తిట్టు కోసమో దెబ్బ కోసమో అన్నట్టు నిలబడి ఎదురుచూశాడు.

"రాములు దినాలకు పోయినవా అన్నా?"

"పోయిన."

"వాని తల్లి అచ్చిందా ఊర్నుంచి?"

"అచ్చింది."

గణపతి మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. అతని చెయ్యి చెల్లెలి భుజం వెతుక్కుంది. ఆ చెయ్యి అక్కడ పడగానే కోమలి ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుపోవడం నరహరి చూశాడు. తర్వాత ఆమె నెమ్మదిగా ఊపిరి వదిలి ఆ చెయ్యిని అలాగే ఉండనిచ్చింది.

మంచం పక్క బెంచీ మీద పోశమ్మ కూర్చుని ఉంది. పెదవి మీద వాపు తగ్గి పచ్చటి మచ్చ మిగిలింది. ఆమె నరహరి వైపు చూడలేదు. పక్కనున్న టిఫిన్ సంచీని మాత్రం ఎత్తి ఒళ్ళో పెట్టుకుని కొంచెం జరిగింది.

నరహరి వెళ్ళి ఆ ఖాళీలో కూర్చున్నాడు.